మా చీమకి తగిలిన పొగడ్త

శనివారం పొద్దున్నే మా వీధిలోకి నవ్వు వచ్చేది. నవ్వు ముందు, మనుషులు తరవాత. కాలేజీ పిల్లలు, అందరికీ ఒకే రంగు చొక్కాలు, వీపు మీద 'నీ వెనక నేనున్నాను' అని అచ్చు. వెనక ఉంటామన్న మాట మీ వీపు మీద ఉంటే, అది చదువుకోడానికి మేమే మీ వెనక నడవాలి కదా నాయనా అని ఒకసారి అడిగాను. వాళ్ళలో ఒకడు ఆగి, చాలా లోతైన మాట చెప్పారు తాతగారూ అని, ఫోనులో రాసుకున్నాడు. వీళ్ళని వెక్కిరించడం వృథా అని నాకు ఆ పూటే తెలిసిపోయింది. వెక్కిరింత తగలాలంటే తగలడానికి ఒక చోటుండాలి.

వీళ్ళ పని మా వీధి చివర హైస్కూల్లో పిల్లల్ని ఉద్ధరించడం. రోజు గడవడమే కష్టమైన ఇళ్ళలోంచి వచ్చిన పిల్లలకి, కాలేజీ చదివే అన్నలూ అక్కలూ తోడు నిలబడి దారి చూపిస్తారట. దారి చూపించేవాళ్ళకి మా వీధిలోనే దారి తెలియదు. ప్రతి శనివారం చెత్తబండి నిలిపే సందులోకి నడిచిపోయి, అది అవతలికి పోని సందని తెలుసుకుని, నవ్వు చెక్కుచెదరకుండా వెనక్కి వచ్చేవారు. ఇలా పేదల మధ్య తిరిగినందుకు వాళ్ళ కాలేజీలో మార్కులు కలుపుతారని తరవాత తెలిసింది. తెలిశాక నా మనసు కాస్త కుదుటపడింది. అంతవరకు పాపం ఊరికే తిరుగుతున్నారేమోనని బెంగపెట్టుకున్నాను.

నేను చదివింది పల్లెటూరి బడి. మా పంతులు బెత్తం ఎత్తితే పక్క ఊళ్ళో పిల్లలు చేతులు చాచేవారు. ఆయన ఏనాడూ మమ్మల్ని నీ కల ఏమిటిరా అని అడిగిన పాపాన పోలేదు. ఎక్కాలు అడిగేవాడు. అవి రానివాడికి నిద్రలో కూడా ఎక్కాలే వచ్చేవి, అదే వాడి కల. ఈ కాలేజీ పిల్లలు ఎక్కాలు అడగరు. స్కూలు మేడ మీద లైబ్రరీ అనే గది ఒకటుంది. బీరువాలకి తాళాలు, తాళాలకి తుప్పు. ఆ గదిలో కుర్చీలు గుండ్రంగా వేసుకుని, ఒక ఊలు ఉండ పట్టుకుని కూర్చుంటారు. ఉండ ఎవరి చేతిలో ఉంటే వాళ్ళు మనసు విప్పాలి. విప్పాక కొస చేత్తో పట్టుకుని, ఉండని ఎదురుగా ఉన్నవాళ్ళకి విసరాలి. కాసేపటికి గదంతా సాలెగూడు అల్లుకుంటుంది. దానివల్ల మనమందరం ఒకరికొకరం ముడిపడి ఉన్నామని తెలుస్తుందట. తెలిశాక ఆ చిక్కు విప్పడానికి మిగతా పూటంతా పడుతుంది. ఉండ అందరికంటే ఎక్కువసేపు ఎవరి చేతిలో ఉంటుందని ఆ స్కూల్లోనే చదివే మా మనవరాలిని అడిగాను. కాలేజీ అన్న చేతిలోనే అంది.

మా మనవరాలిని వీధంతా చీమ అంటుంది. పిట్టంత మనిషి, ఎప్పుడూ ఏదో పని మీద పోతూ ఉంటుంది. ఎదురైనవాళ్ళ దగ్గర ఒక్క క్షణం ఆగి, తల ఆనించినట్టు ఓ మాట చెప్పి, సాగిపోతుంది. మా ఇంట్లో ఉండేది ముగ్గురం. నేను, హాస్పిటల్ క్యాంటీన్లో గిన్నెలు తోమే మా అమ్మాయి, దాని కూతురు ఈ చీమ. అల్లుడు ఓడలో పనికని వెళ్ళాడు. ఆ ఓడ ఎంత పెద్దదంటే, వెనక్కి తిరుగుదామని అప్పుడెప్పుడో మొదలుపెట్టి ఇంకా మలుపు తిరుగుతూనే ఉందని చీమ చిన్నప్పుడు చెప్పేవాణ్ణి. పెద్దయ్యాక అది నన్ను ఆ కథ అడగడం మానేసింది, నేనూ చెప్పడం మానేశాను.

మా భవనంలో ఒక లిఫ్టు ఉంది. మూడో అంతస్తుకీ నాలుగో అంతస్తుకీ మధ్య ఆగి ఊపిరి పీల్చుకోవడం దానికి అలవాటు. ఒక పెళ్ళికొడుకు నల్లటి మీసంతో ఎక్కి, అందులో ఇరుక్కుని, తెల్లటి మీసంతో దిగాడని నేను చెబుతాను. నమ్మనివాళ్ళు ఎక్కి చూడవచ్చు. చీమ చిన్నపిల్లగా ఉన్నప్పుడు ఒక్కతే అందులో చిక్కుకుంది. బయటినించి మేమందరం భయపడకు, భయపడకు అని అరిచి దాన్ని హడలగొట్టేశాం. ఇంతలో లిఫ్టు కంపెనీ మనిషి వచ్చాడు. మమ్మల్ని నోరు మూయమన్నాడు. పైనెక్కడో ఏదో తిప్పాడు, తలుపు సందులోంచి చెయ్యి పెట్టాడు, పిల్లని బయటికి లాగాడు, సంచీ సర్దుకుని పోయాడు. చీమతో అతను ఒక్క ముక్క మాట్లాడలేదు. పిల్ల అతని వెనకాలే వీధి మలుపు దాకా పోయింది. ఆ రోజునించి దానికి ఒకటే పిచ్చి, లిఫ్టు పని నేర్చుకోవాలని.

ఆ కంపెనీ వర్క్‌షాపు మాకు దూరమేం కాదు. హైస్కూలు చదువు ముగించే పిల్లల్లోంచి ఏటా ఒక్కరిని తీసుకుంటారు. రెండేళ్ళు పని నేర్పి, ఆ తరవాత అక్కడే ఉద్యోగం ఇస్తారు. ఈ ఏడు చీమ పరీక్షలు రాసేసింది, బడితో మిగిలింది ఈ శనివారాలే. సీటు దొరికితే లిఫ్టులు. దొరక్కపోతే, ఇన్నాళ్ళూ బడికి ముందూ, సాయంత్రాలూ గుండీలు కుట్టిన టైలరు కొట్టులోనే ఇక పొద్దుటినించి సాయంత్రం దాకా గుండీలు కుట్టడం. మధ్యలో ఇంకో దారి లేదు. సీటుకి మిగిలింది ఇద్దరు, చీమా, సెలూన్ అతని కొడుకూ. ఎవరిని తీసుకోవాలో తేల్చేది అక్కడి మేస్త్రీ. ఆయనకి కాగితాల మీద నమ్మకం లేదు. కాగితం మీద అందరూ బుద్ధిమంతులే అంటాడు. చుట్టాలు కానివాళ్ళు ఎవరైనా ఫోన్ చేసి, ఈ పిల్ల ఎలాంటిదో తన చెవిలో చెప్పాలి. అదే ఆయన పరీక్ష.

మా అమ్మాయి ఆలోచించి, కాలేజీ బాబు చేత చెప్పిద్దామంది. చదువుకున్నవాడు, నాలుగు ముక్కలు చక్కగా చెబుతాడని దాని ఆశ. చీమకి దారి చూపించడానికి నియమించినవాడు అతనే. మెంటర్ అంటారట. మెంటర్ అంటే ఏమిటే అని అడిగితే, మనకి లేని కష్టాలు కూడా అర్థం చేసుకునేవాడని చీమ చెప్పింది. నేను అతనికి చిరునవ్వు అని పేరు పెట్టుకున్నాను. పళ్ళు బాగుంటాయి, ఆ మాట నిజం. మొహంలో మిగతావాటికి పని తక్కువ.

చిరునవ్వుకి మొదటినించీ లిఫ్టు సంగతి మింగుడు పడలేదు. గదిలో గోడకి కాగితంతో చేసిన నిచ్చెన అంటించి, ఎవరి కల ఎంత ఎత్తుదో దాన్నిబట్టి మెట్ల మీద పిల్లల బొమ్మలు పెట్టాడు. డాక్టరు అవుతానన్న పిల్ల పైన ఉంది. విమానం నడుపుతానన్నవాడు ఇంకా పైన ఉన్నాడు, వాడికి సైకిలు తొక్కడం రాదు. రోజంతా పైకీ కిందికీ తిరిగే పని కోరుకున్న చీమని అన్నిటికంటే కింది మెట్టు మీద పెట్టాడు. ఇంకా పెద్దగా కలగను, ఇంకా పెద్దగా కలగను అని వారం వారం బతిమాలేవాడట. చీమ వినేది, తల ఊపేది. మిగతా పిల్లలు తెలివైనవాళ్ళు, అన్న మొహం వాడిపోకుండా వారానికో ఉద్యోగం మార్చి చెప్పేవాళ్ళు. మా చీమకి ఆ లౌక్యం లేదు.

అయినా అడగ్గానే ఒప్పుకున్నాడు. ఒప్పుకోవడమే కాదు, ఇంటికి వచ్చి, మా అందరి ఎదుటా ఫోన్ చేస్తానన్నాడు. అన్నట్టే వచ్చాడు. మాది ఒకటే గది. ఒక మూల పొయ్యి, ఒక మూల మంచం, మధ్యలో తీగ మీద బట్టలు. తీగ కింద వంగి వచ్చి, గదిని చూసి కళ్ళు చెమ్మగిల్లించుకున్నాడు. నేను కుర్చీ ఇచ్చాను. వద్దు తాతగారూ, నేను మీలో ఒకణ్ణే అని నేల మీద చతికిలపడ్డాడు. మాలో ఎవరూ అక్కడ కూర్చోరు, మా అమ్మాయి అప్పుడే తడిగుడ్డతో తుడిచింది. తడి తెలిసినా లేవలేదు. పేదరికం అంటే కింద తడిగా ఉంటుందనుకున్నాడో ఏమో, ఇంకా సర్దుకుని కూర్చున్నాడు.

ఫోన్ కలిపాడు. మేమూ వినాలని గొంతు పెద్దది చేసి మధ్యలో పెట్టాడు. కళ్ళు మూసుకున్నాడు.

"సార్, ఈ అమ్మాయి పుట్టుకతోనే నాయకురాలు. ఎవరు ఏం చెప్పినా ఎందుకు అని అడిగే రకం. భయం అంటే ఏమిటో తెలీదు. రూల్స్‌కి కట్టుబడి ఆలోచించే మనిషే కాదు సార్."

అవతల మేస్త్రీ వెనకాల ఏదో ఇనుము మీద ఇనుము పడిన చప్పుడు వినిపించింది.

"మా దగ్గర రెండేళ్ళు నేర్చుకున్నాక?" అన్నాడు.

"మీ పని ఆమెకి మొదటి మెట్టు మాత్రమే సార్. రెండేళ్ళలో ఎక్కడికి వెళ్ళిపోతుందో మీరూ నేనూ ఊహించలేం."

"సరే బాబూ. అర్థమైంది. ఉంటాను," అని మేస్త్రీ పెట్టేశాడు.

చిరునవ్వు కళ్ళు తెరిచాడు. చూశారా, ఆయనకి నోట మాట రాలేదు అన్నాడు. మా అమ్మాయికి అంతా అర్థం కాకపోయినా మంచి మాటలేనని సంతోషపడి, టీ పెట్టడానికి లేచింది. చీమ మాత్రం గోడకి ఆనుకుని, కొట్టు మూసేసిన వేళకి వచ్చిన మనిషిలా నిలబడింది. ఏమే అన్నాను. ఏం లేదు తాతా అంది. చిరునవ్వు టీ తాగాడు, ఇంత మంచి టీ ఎప్పుడూ తాగలేదన్నాడు. అందులో మా అమ్మాయి పంచదార వేయడం మరిచిపోయింది.

మర్నాడు చీమతో కలిసి నేను వర్క్‌షాపుకి వెళ్ళాను. పెద్ద రేకుల షెడ్డు. ఒక పక్క ఇనపతాళ్ళ చుట్టలు, ఒక పక్క గోడకి బరువు దిమ్మలు. మధ్యలో ఎక్కడికీ పోని ఒక లిఫ్టు పెట్టె నేల మీద నిలబెట్టి ఉంది, నేర్చుకునేవాళ్ళు దాన్ని విప్పుతూ బిగిస్తూ ఉంటారు. మా చిరునవ్వు తరగతి కూడా ఇలాంటిదే అనుకున్నాను, కాకపోతే అక్కడ బిగించడం ఉండదు. మేస్త్రీ ఒక భుజం దిగిన మనిషి. చేతులు తుడుచుకుంటూ వచ్చి, నన్ను బల్ల మీద కూర్చోబెట్టి, తాను నిలబడే మాట్లాడాడు. సీటు సెలూన్ అతని అబ్బాయికి ఇద్దామనుకుంటున్నానన్నాడు. వాడి గురించి వాళ్ళ వీధి పాలబండి అతను చెప్పాడట, మట్టసంగా ఉంటాడు, కాస్త మతిమరుపు అని.

మా పిల్ల గురించి అంత బాగా చెప్పారు కదండీ అన్నాను నేను.

"అందుకే పెద్దాయనా," అన్నాడు మేస్త్రీ. "భయం లేనివాడు ఒకడు నా దగ్గర పనిచేశాడు. ఇప్పుడు లేడు. వాడితో వెళ్ళినవాడు కర్ర పట్టుకుని నడుస్తున్నాడు. ఇక నాయకులంటారా, ఈ షెడ్డులో అందరూ నాయకులే. పానా అందించేవాళ్ళే కరువు."

పైగా తాను నేర్పడానికి రెండేళ్ళు పడితే, ఆ రెండేళ్ళు కాగానే ఎగిరిపోతుందని ముందే మురిసిపోతున్నారు కదా, ఆ ఎగిరే పిల్లని ఆపడం దేనికి అన్నాడు. ఎత్తిపొడుపు కాదు, నిజంగానే అడిగాడు. చిరునవ్వు చెప్పిన ఒక్కో మంచీ ఈ షెడ్డులోకి వచ్చేసరికి ఒక్కో అవలక్షణం అయి కూర్చుంది. ఆ బాబు చీమ మీద పగబట్టి, కూర్చుని ఆలోచించి తిట్టినా ఇంత చక్కగా కుదిరేది కాదు.

చీమ అప్పుడు నోరు విప్పింది. అన్న చెప్పినవి నాలో లేవండీ అంది. మేస్త్రీ దాన్ని కింది నించి పైదాకా చూశాడు, పెద్దగా సమయం పట్టలేదు. ఎవరి మంచి వాళ్ళు చెప్పుకుంటే నేను వినను అన్నాడు. ఆ బాబే తప్పు చెప్పానని చెబితే వింటాడట. లేదంటే, పిల్ల పని చేస్తుండగా చూసినవాళ్ళ నంబరు ఇస్తే, తానే ఫోన్ చేసి అడుగుతాడట. సోమవారం పొద్దున సెలూన్ అబ్బాయికి కబురు చేస్తాను, ఆలోపల ఏదో ఒకటి చూసుకోమన్నాడు.

పని చేస్తుండగా చూసిన మనిషి లోకంలో ఒకావిడే ఉంది, టైలరు కొట్టు యజమానురాలు. ఆవిడ పేరెత్తగానే మా అమ్మాయి ఇంట్లో నెత్తి కొట్టుకుంది. దానికి కారణం ముందు ముందు మీకే తెలుస్తుంది. ముందు కాలేజీ బాబునే అడగండి, తప్పు దిద్దుకోడానికి చదువుకున్నవాడికి ఎంతసేపు అంది. ఇంకా ఏ లోకంలో ఉందో పిచ్చిపిల్ల.

శనివారం చీమతోపాటు నేనూ మేడ మెట్లెక్కాను. సాలెగూడు అప్పుడే అల్లుతున్నారు. చిరునవ్వు పక్కన ఇంకొక కాలేజీ అమ్మాయి కూర్చుంది. ఎవరు ఏం మొదలుపెట్టినా సగంలోనే 'నాకు అర్థమైంది' అని చెయ్యి పట్టుకుంటుంది. పిల్లలు ఆమెని అర్థమైందక్క అంటారు. నేను మోకాలు నొప్పమ్మా, కాస్త కుర్చీ అనేలోపల నాకూ అర్థమైందని చెయ్యి పట్టుకుంది. నిలబడే ఉన్నాను.

చీమ చేతికి ఉండ వచ్చింది. అది ఎప్పుడూ వెంటనే పక్కవాళ్ళకి విసిరేసేదట. ఆ పూట పట్టుకుని కూర్చుంది.

"అన్నా, మేస్త్రీగారికి ఇంకోసారి ఫోన్ చెయ్యండి. ఈ పిల్ల టైముకి వస్తుంది, చెప్పింది చేస్తుంది, పైనించి పడితే చస్తానని దీనికి తెలుసు అని చెప్పండి. అంతే చాలు."

చిరునవ్వు మొహంలో నవ్వు ఆరిపోయింది. నేను ఆ మొహాన్ని నవ్వు లేకుండా చూడటం అదే మొదలు, దుకాణం బోర్డు ఊడదీసిన గోడలా ఉంది. నిన్ను నువ్వు ఇంత తక్కువ చేసుకుంటున్నావంటే నాకు గుండె తరుక్కుపోతోంది అన్నాడు. నీ విలువ తగ్గించే మాట నా నోటివెంట రాదు అన్నాడు. చీమ ఓపిగ్గా సీటు సంగతి మళ్ళీ చెప్పింది. సోమవారం అని చెప్పింది. సెలూన్ అబ్బాయి అని చెప్పింది. నిన్ను గుర్తించకపోతే అది వాళ్ళ నష్టం అన్నాడు అతను. ఎవరి నష్టమో తెలియనంత పసివాడేం కాదు, మీసాలు వచ్చాయి. తెలుసుకుంటే పని పెరుగుతుందని ఊరుకున్నాడు.

అర్థమైందక్క చెవిలో ఏదో ఊదింది. ఇద్దరూ కలిసి దీనికి వైద్యం ఉందని తేల్చారు. చీమని మధ్యలో కూర్చోబెట్టారు. మిగతా పిల్లలు ఒక్కొక్కరే ఉండ విసురుతూ చీమలో ఉన్న గొప్ప గుణం ఒకటి చెప్పాలి. మొదలైంది. ఒక పిల్ల నువ్వు నిప్పువి అంది. ఒకడు తుపానువి అన్నాడు. విమానం నడపబోయేవాడు పులివి అన్నాడు. నిప్పునీ తుపానునీ పులినీ ఏ మేస్త్రీ లిఫ్టు గుంటలోకి దింపుతాడు? ఊలు చీమ మెడ చుట్టూ, చేతుల చుట్టూ పేరుకుంది. చివరికి ముక్కు, రెండు కళ్ళు కనపడ్డాయి. అందరూ చప్పట్లు కొట్టారు. అర్థమైందక్క ఫోటో తీసింది.

దిగి వచ్చేటప్పుడు చిరునవ్వు మెట్ల దగ్గర నన్ను ఆపి ఒక రహస్యం చెప్పాడు. ఏడాది చివర కాలేజీ సభలో ఒక్కొక్కరూ తమ పిల్ల ఎలా మారిందో మాట్లాడాలట. తన ఉపన్యాసం అంతా చీమ మీదే రాసి, పంతుళ్ళకి చూపించేశాడట, వాళ్ళకి కన్నీళ్ళు ఆగలేదట. అందులో చీమ నిర్భయ. ఇప్పుడు భయం ఉందని చెబితే అదంతా ఏం కావాలి తాతగారూ అన్నాడు. అదీ సంగతి. చీమకి లిఫ్టు కావాలి, అతనికి పులి కావాలి. రెండూ ఒక పిల్లలో దొరకవు.

చీమ ఊలు దులుపుకుంటూ నడిచింది. ఇంటికి కాకుండా కొట్టువైపు తిరిగింది. ఎక్కడికే అన్నాను. కత్తెర పిన్ని దగ్గరికి అంది.

టైలరు కొట్టావిడని కత్తెర పిన్ని అంటారు. గుడ్డ కత్తిరించడంలో ఆవిడ చేతిని మించింది ఆవిడ నాలుక. ఇంతవరకు మనిషి పుట్టుక పుట్టిన ఎవరినీ మంచివాడు అనలేదు. వాళ్ళాయన ఉన్నన్నాళ్ళు ఆవిడ తిట్లకి భయపడి ప్రాణం ఆయన్ని వదిలి రెండుసార్లు బయటికి పోయి, అక్కడ తోచక తిరిగొచ్చిందని చెప్పుకుంటారు. ఆవిడ కొట్టు నిలువునా ఒక సందు. ముందు కరెంటు మిషను, వెనక ఇస్త్రీ బల్ల, పైన కొక్కేలకి వేలాడే అరకొర చొక్కాలు. ఆ చొక్కాల కింద చీమ చోటు. అసలు చిక్కేమిటంటే, ఆవిడకి చీమని పోనివ్వడం ఇష్టం లేదు. లిఫ్టు మాట వినపడినప్పుడల్లా మిషను గట్టిగా తొక్కేది. అలాంటి మనిషి చేతికి, పిల్ల మెడకి వేసే తాడు మనమే అందించడమా అని మా అమ్మాయి భయం. నాదీ అదే.

చీమ తిన్నగా చెప్పేసింది. మీ నంబరు ఇస్తున్నాను, సోమవారం పొద్దున లిఫ్టు మేస్త్రీ మీకు ఫోన్ చేస్తారు పిన్నీ, నేనెలాంటిదాన్నో అడుగుతారు అంది.

కత్తెర పిన్ని నోట్లోంచి గుండుసూదులు తీసి బల్ల మీద పెట్టింది. "ఏం చెప్పమంటావే?"

"మీరు ఏమనుకుంటున్నారో అదే చెప్పండి."

ఆవిడ కళ్ళలో వెలిగిన వెలుగు చూస్తే, పండగనాడు కూడా ఏ పిల్ల కళ్ళలోనూ అంత ఆనందం ఉండదు. తప్పకుండా చెబుతానంది. ఒక్కటీ వదలనంది.

బయటికి రాగానే, చీమా, ఎంత పని చేశావే అన్నాను. ఆవిడ నిన్ను దొంగ అన్నా చాలు, ఇంకో షెడ్డు గడప కూడా తొక్కలేవు. చీమ నడక ఆపకుండానే జవాబు చెప్పింది. ఆవిడకి అబద్ధం ఆడే అవసరం ఎప్పుడూ రాలేదు తాతా, ఉన్నవే సరిపోతాయి అంది. మలుపు దగ్గర ఆగి, నా కోసం మళ్ళీ అంది. "ఆవిడ తిడుతుంది తాతా. కానీ చూసి తిడుతుంది." అలా అన్నదే గాని, ఆదివారమంతా దాని కంచంలో పెట్టింది పెట్టినట్టే ఉంది.

సోమవారం నేను గడ్డం కింద చెయ్యి పెట్టుకుని కొట్టు ముందు స్టూలు మీద కూర్చున్నాను. చీమ చొక్కాల కింద కూర్చుని గుండీలు కుడుతోంది. సూది ఒకచోట దిగి ఇంకోచోట తేలుతోంది. ఫోన్ మోగింది. కత్తెర పిన్ని గొంతు సవరించుకుంది, పాట పాడబోయేవాళ్ళలాగా.

"ఎవరూ, లిఫ్టులాయనా? ఆ, నా దగ్గరే ఏడుస్తోంది. ఏం చేస్తుందా, నా ప్రాణం తీస్తుంది. పొద్దున్నే నేను మొహం కడుక్కోకముందే వచ్చి షట్టరు ముందు దయ్యంలా నిలబడుతుంది. నమ్మకమా? దానికే నా మీద నమ్మకం లేదు బాబూ, నేను కొలిచిన గుడ్డ మళ్ళీ కొలుస్తుంది." ఒక్క క్షణం విని, ఇంకా ఉత్సాహంగా అందుకుంది. "ఏం ధైర్యం, ఒట్టి పిరికిది. మిషను సూది మార్చాలంటే స్విచ్చి ఆపుతుంది, ప్లగ్గు పీకుతుంది, ఆ పీకిన ప్లగ్గు కళ్ళెదురుగా పెట్టుకుంటే గాని చెయ్యి పెట్టదు. నేను తొందరే తొందరే అని నెత్తీ నోరూ కొట్టుకున్నా అంతే. మాటలా? ముంగి. గోడతో కాపురం చేసినట్టుంటుంది దీంతో. మానేస్తుందా అంటారేమిటి, ఎన్నిసార్లు పొమ్మన్నానో. పోదు. జ్వరమొచ్చినా వస్తుంది. జలగ."

ఊపిరి తీసుకోడానికి ఆగింది. అవతల నించి ఏదో వినపడింది. ఆవిడ చీమవైపు తిరిగి, గెలిచిన మొహంతో ఫోన్ చాచింది. నీకే ఇమ్మంటున్నాడు, కడిగేస్తాడు, విను అంది.

చీమ లేచి నిలబడి రెండు చేతులతో పట్టుకుంది. మేస్త్రీ గొంతు ఎలాగూ పెద్దదే, స్టూలు మీద నాకూ వినిపించింది.

"రేపు ఏడింటికి వచ్చెయ్. బూట్లు మేమే ఇస్తాం. నీ కాలు సైజెంత?"

చీమ చెప్పింది. అంత చిన్నవి ఎవరు చేస్తారో కనుక్కోవాలి అని గొణిగి, మేస్త్రీ పెట్టేశాడు.

కత్తెర పిన్నికి చాలాసేపు సంగతి ఎక్కలేదు. ఎక్కాక, ముందు మేస్త్రీకి చెవుడేమోనని అనుమానించింది. మళ్ళీ ఫోన్ కలపవే, చెప్పాల్సినవి ఇంకా చాలా ఉన్నాయి అని చీమ మీదికి వచ్చింది. చీమ నవ్వలేదు, ఏడవలేదు. ఆ పూటకి మిగిలిన గుండీలన్నీ కుట్టి, దారం పళ్ళతో కొరికి, చొక్కాలు కొక్కేలకి తగిలించి, వస్తాను పిన్నీ అంది. పో, పీడా పోయింది అని కత్తెర పిన్ని మొహం గోడవైపు తిప్పుకుంది. మిషను తొక్కడం మాత్రం మరిచిపోయింది.

చీమ పనికి పోవడం మొదలుపెట్టాక వచ్చిన మొదటి శనివారం చిరునవ్వు మా ఇంటికి వచ్చాడు. సీటు వచ్చిందన్న కబురు వీధిలోనే తెలిసిందట. నా ఒక్క ఫోను ఎంత పని చేసిందో చూశారా తాతగారూ అన్నాడు. మా అమ్మాయి నోరు తెరవబోయింది, వద్దని నేను కనుసైగ చేశాను. దున్నపోతు వీపు మీద వాన పడితే దానికి చలేయదు, మనకే తడి. కాలేజీ సభలో చీమ కథ చెప్పి మొదటి బహుమతి కొట్టేశాడట, ఆ ఉపన్యాసం చీమకి వినిపించాలని పరుగున వచ్చాడట. పిల్ల పనిలో ఉంది, పొద్దువాలితే గాని రాదన్నాను. ఫరవాలేదు, అయితే మీకు వినిపిస్తానని, నేను కుర్చీ చూపించేలోపలే మళ్ళీ నేల మీద కూర్చున్నాడు.

నాకు చెవులు వినపడవు నాయనా అన్నాను. చిన్నప్పుడు మా ఊళ్ళో ఒక ఉరుము దారి తప్పి తిన్నగా నా చెవిలో దూరిందనీ, ఇప్పటికీ అది బయటికి రాలేదనీ, మబ్బు పట్టినప్పుడల్లా లోపల తిరుగుతూ ఉంటుందనీ చెప్పాను.

అయ్యో అన్నాడు. నిజంగానే నమ్మాడు. కళ్ళు చెమ్మగిల్లాయి. లేచి నిలబడి, గుండె నిండా ఊపిరి పీల్చుకుని, మొదటినించీ గట్టిగా చదవడం మొదలుపెట్టాడు. కింది అంతస్తుల్లో కిటికీలు ఒక్కొక్కటే మూసుకోవడం నాకు వినిపిస్తూనే ఉంది.